ఇప్పనూనె రాసిన ల్యాండ్‌మాస్టర్

మా నాయిన పశువుల సంతల్లో బేరగాడు. ఎద్దు ఎంత నచ్చితే దానికి అన్ని వంకలు పెట్టేవాడు. నోరు తెరిచి పళ్లు చూసి, మూపురం మీద చెయ్యేసి, తోక మెలిపెట్టి, చివరికి మొహం చేదు మింగినట్టు పెట్టి, "దీన్ని నాగలికి కడితే నాగలే దీన్ని గుంజుకపోవాలె" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఎద్దు యజమాని కూడా నవ్వేవాడు. బేరం మొదలైందని అతనికి అప్పుడే అర్థమయ్యేది. ఆ తర్వాత ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని, నోరు మెదపకుండా ధర మాట్లాడుకునేవాళ్లు. ఏ వంకా పెట్టకుండా "మంచి ఎద్దు" అని నాయిన లేచాడంటే అది మాకు వద్దని అర్థం.

నేను ఆయన పని నేర్చుకోలేదు. బడి చదువూ నేర్చుకోలేదు. లెక్కల సారు నన్ను రోజూ బయట నిలబెట్టేవాడు. బయట ఆయన స్కూటర్ ఉండేది. ఏడో తరగతి సగానికి వచ్చేసరికి నాకు లెక్కలు రాలేదు గానీ ఆ స్కూటర్‌ని విప్పి మళ్లీ బిగించడం వచ్చింది. ఒకరోజు బిగించాక రెండు బోల్టులు మిగిలాయి. అవి మిగిలిన రోజే నా చదువు అయిపోయింది.

ఇల్లందులో ఒక లారీ షెడ్డులో చేరాను. బొగ్గు ఊరు కదా, ఒకప్పటి ఆఫీసర్ల కార్లు పాత గరాజుల్లో, చింతచెట్ల కింద, కోళ్ల కింద, కట్టెల కింద చాలా ఉండేవి. ఒకసారి అలాంటిదొకటి ఫొటో తీసి సరదాగా వాట్సాప్‌లో పెడితే, ఎక్కడో మైసూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి "దాని మీద చెయ్యి వేయొద్దు, తుడవొద్దు, నేను వస్తున్నాను" అన్నాడు. ఇనుప సామాను వాళ్లు కూడా వద్దన్న బండి అది. ఆయన వచ్చి దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, చెప్పులు విడిచి లోపల కూర్చున్నాడు. ఆ రోజు నుంచి షెడ్డు పనికి తోడు నాకు ఇంకో పని దొరికింది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఎక్కడ పాత బండి ఉందన్నా మోటార్ సైకిల్ మీద పోతాను. చూస్తాను, బేరం చేస్తాను, పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు అప్పగిస్తాను.

బేరం అనేసరికి నాకు తెలిసింది మా నాయిన పద్ధతే. ఎద్దు బదులు కారు. బానెట్టు ఎత్తి, "అమ్మా, దీనికి గుండెకాయ ఉందా, తీసి ఎవరికన్నా దానమిచ్చిండ్రా?" అంటే అందరూ నవ్వుతారు. నవ్వితే సగం పని అయినట్టే. నాలుగేళ్ల కిందటి దాకా ఇలాగే నడిచింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మిరప ఏరే కూలీలను ఆటోలో తిప్పే ఒక మనిషి నాకు కబురు చెప్పాడు. జూలూరుపాడు దాటాక తారురోడ్డు వదిలి అడవి వైపు పోతే వచ్చే ఊళ్లో ఒక ముసలి డ్రైవరు దగ్గర కారుందట. "గుండ్రటి మూతి అన్నా. అంబాసిడర్‌కు అమ్మమ్మ లెక్క ఉంటది" అన్నాడు. నాకు అక్కడే అర్థమైంది. అంబాసిడర్ కంటే ముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్. దేశం మొత్తంలో మంచివి ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకాయన హైదరాబాదులో పళ్ల డాక్టరు. ఎన్నో ఏళ్లుగా అడుగు రేకు చెడని ల్యాండ్‌మాస్టర్ కోసం వెతుకుతున్నాడు. ఆ కార్లు పైన ఎంత బాగున్నా కింద అడుగును తుప్పు తినేసి ఉంటుంది. కాళ్లు పెడితే రోడ్డు తగులుతుంది.

ముసలాయన ఇంటి పక్కన తాటాకుల పాక, అందులో బండి. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు వేసిన ఒక రైతు దగ్గర ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ రైతు పొలాలమ్మి వెళ్లిపోతూ కారును డ్రైవరుకే ఇచ్చేశాడు. ఆ తర్వాత అది ఊరి బండి అయింది. పురుడు వస్తే, పాము కరిస్తే, భద్రాచలం దవాఖానాకు పోవాలంటే అదే. ఇరవై ఏళ్ల కిందట గేరుబాక్సులో ఏదో విరిగింది. ఆ సామాను దొరకలేదు. బండి పాకలోకి పోయి మళ్లీ బయటకు రాలేదు.

"కదలని బండికి యేడాదికి రెండుసార్లు సింగారం జేస్తడన్నా మా మామ" అంది ఆయన కోడలు, గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ. "దసరాకు బొట్టు. వానలకు నూనె. నాకు కూడ ఇంత నూనె వెట్టలే నెత్తికి." చుట్టుపక్కల వాళ్లు అప్పటికే పోగయ్యారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు. నాకు మాటలు అర్థం కాలేదు గానీ నవ్వు అర్థమైంది. ఆ నవ్వు పాతది, రోజూ వాడేది.

నేను గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాను. టార్చి వేశాను. అడుగు రేకు మొత్తం నల్లగా, నున్నగా ఉంది. ఎక్కడా చిల్లు లేదు. తలుపుల కింది అంచు, చక్రాల వెనక మడత, డిక్కీ కింది మూల, తుప్పు దాక్కునే చోట్లన్నీ ఒక్కొక్కటిగా వేలితో తడిమాను. వేలికి జిడ్డు తగిలింది. వాసన చూశాను. ఇప్పగింజల నూనె. అరగంటసేపు బండి కిందనే ఉన్నాను. సగంసేపు చూడటానికి, మిగతా సగం నా మొహంలో సంతోషం పోయేదాకా ఆగడానికి.

బయటికి వచ్చేసరికి ముసలాయన నా తలకు రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్లలో పొర వచ్చి మసకగా ఉన్నాయి. అయినా నా వైపే చూస్తున్నాడు.

"బిడ్డా" అన్నాడు. "వంగితే లేవలేకపోతున్న. కండ్లు గూడ సరింగ అవుపడ్తలేవు. ఈసారి వానలకు నూనె రాసుడు నాతోని గాదు. నేను ఉండంగనే దీన్ని ఒక చేతికి అప్పజెప్పాలె. నిజం చెప్పు. ఇది మంచిగున్నదా? మళ్ల రోడ్డు మీద నడుస్తదా?"

నాకు తెలిసిన నిజం ఒక్క మాట. చెప్పేస్తే బేరం చెడుతుంది. మా నాయిన నా నోట్లోంచి మాట్లాడాడు.

"నడుస్తది తాతా, ఎందుకు నడవదు! ముంగట రెండెద్దులను గట్టు, భద్రాచలం దాంక పోతది. ఎద్దులు లేకుంటే లోపల కోళ్లను పెంచుకో. కోళ్లకు తప్ప దేనికీ పనికిరాదిది."

అందరూ విరగబడి నవ్వారు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన నవ్వలేదు. నవ్వలేదని నేను చూశాను. చూసి కూడా, పాపం బేరం తెలియని మనిషి అనుకున్నాను. "చూద్దాం తీ తాతా" అని కోడలికి నా నంబరు ఇచ్చి మోటార్ సైకిల్ ఎక్కాను.

అమ్మేవాడి దగ్గర్నుంచి వెంటనే లేచిపోవడం, కొన్ని రోజులు మొహం చూపించకపోవడం కూడా మా నాయిన పద్ధతే. ఎనిమిది రోజులు పోలేదు. ఈలోగా నేను తీసిన ఫొటోలు డాక్టరుకి పంపాను. ఆయన ఒకే రోజులో పదిసార్లు ఫోన్ చేశాడు. మధ్యలో కోడలి నంబరు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మెత్తబడుతున్నారు అనుకున్నాను. మూడోసారి రింగవుతుంటే షెడ్డులో వాళ్లకు ఫోన్ చూపించి, "అత్తగారింట్ల అల్లుడు పిలవంగనే పోతడా, రెండుసార్లు బతిమాలించుకోవాలె" అన్నాను. వాళ్లూ నవ్వారు. ఆ రోజుల్లో నా చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతూనే ఉండేవాళ్లు.

తొమ్మిదో రోజు డాక్టరు తెల్లవారుజామునే హైదరాబాదులో బయల్దేరి ఖమ్మం మీదుగా వచ్చాడు. నన్ను ఇల్లందులో ఎక్కించుకున్నాడు. మెత్తటి మనిషి. దారి పొడుగునా చిన్నపిల్లాడిలా అడుగుతూనే ఉన్నాడు. గేరు స్టీరింగు పక్కనే ఉంది కదా? వెనక సీటు చిరిగిందా? నేను "మా నాయిన ఎద్దుల పళ్లు చూసేటోడు, మీరు మనుషుల పళ్లు చూస్తరు, నేను కార్ల పళ్లు చూస్త, మన ముగ్గురిది ఒకటే కులం డాక్టరుగారూ" అంటే స్టీరింగు మీద చేత్తో కొడుతూ నవ్వాడు.

ఊళ్లోకి పోగానే మొదట నేను చూసింది ఒక ఇంటి ముందున్న దడిని. దాని వాకిలికి కారు తలుపు వేలాడదీసి ఉంది.

రెండో ఇంటి దగ్గర రెండు మేకలు వెల్లకిలా వేసిన బానెట్టులో కుడితి తాగుతున్నాయి. ఆ గుండ్రటి మూతి ఎక్కడున్నా గుర్తుపడతాను. డాక్టరు కారు ఆపేశాడు. ఇద్దరం దిగి నడిచాం. తాటాకుల పాక ఖాళీగా ఉంది. కారు నిలబడ్డంత మేర నేల నూనె పీల్చి నల్లగా ఉంది. ముసలాయన చూరు కింద, గోడకు చేర్చిన వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు. సీటు ఎక్కడా చిరగలేదు.

"బండేది తాతా?" అన్నాను.

"ఊరంత ఉన్నది బిడ్డా. రా, కూచో."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు, నిష్ఠూరం లేకుండా, పనులు ఎంతవరకు వచ్చాయో చెప్పినట్టు. "నువ్వన్నవ్ గద, దేనికి పనికిరాదని. నేను పోయినంక ఇనుప సామానోడు వచ్చి తూకానికి ఏసుకపోతడు. అంతకన్న ఊరోళ్లకిచ్చుడు నయమనుకున్న. కమ్మరాయన బండి కింది కమాన్ పట్టీలు అడిగిండు, గొడ్డండ్లకు, కత్తులకు. మంచి ఉక్కు అది. విప్పేముందుగాల నిన్నొక్కమాట అడుగుదామని కోడలితోని మూడుపార్లు ఫోన్ కొట్టించిన. నువ్వు ఎత్తలే. పనిల ఉన్నవేమో అనుకున్నం."

మాకు పెద్ద బరువులు ఎత్తే జాకీలు ఉంటాయి. ఆ చివరి మాటను ఇన్నేళ్లయినా ఏ జాకీతోనూ నా మీంచి ఎత్తలేకపోయాను.

"ఎవరో ఏందో అంటరు తాతా. నమ్ముడేనా?"

"ఊరోళ్ల మాట నేనెన్నడు నమ్మలే. ఇరవయ్యేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు, ఏమన్న ఆపిన్నా నూనె రాసుడు? నువ్వు బండి కింద పండి యాడ యాడ చెయ్యి వెట్టినవో జూసిన. తెల్సినోడు పెట్టే కాడనే పెట్టినవ్. తెల్సినోడే పనికిరాదన్నంక ఇంక నేనేం జెయ్యాలె?"

డాక్టరు నా మొహంలోకి చూశాడు. "అలా అన్నారా మీరు?" అని మాత్రం అడిగాడు. నేను ఖాళీ పాక వైపు తిరిగాను.

తప్పించుకునే దారి ఉంది. "మంచి పని చేసినవ్ తాతా, ఎవరు కొంటరు దాన్ని" అంటే ఆయన మనసు కుదుటపడేది. నా పరువూ మిగిలేది. డాక్టరుకి దారిలో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. అప్పుడే ముసలాయన డాక్టరు నిలబడ్డ వైపు మొహం తిప్పి, "ఈ సారెవరు? దేనికొచ్చిండు?" అన్నాడు.

"నీ బండి కోసమే తాతా. హైదరాబాదు నుంచి."

ఆయన చేతులు సీటు మీద ఆగిపోయాయి.

"నేను నీకు అబద్ధం చెప్పిన" అన్నాను. "బండి మంచిగుండె. శానా మంచిగుండె. నేను తిరిగిన ఊర్లల్ల, చూసిన కార్లల్ల, అట్ల కాపాడిన బండిని యాడ చూడలే. బేరం కోసం వంక పెట్టిన."

డాక్టరు కారును చూసి పోగైన జనం గొల్లున నవ్వారు. నన్ను చూడగానే నవ్వడానికి సిద్ధమైనవాళ్లే వాళ్లు. పోయినసారి ఎద్దుల జోకు, ఈసారి ఇదీ అనుకున్నారు. మేకల ఆయన ముందుకొచ్చి, "గంత మంచిదైతే నా మేకల తొట్టి గూడ కొనుక్కపో అన్నా, కుడితి ఊకెనే ఇస్త" అన్నాడు. మళ్లీ నవ్వు. కోడలు మాత్రం నవ్వలేదు. చేతిలో చేట అలాగే పట్టుకుని నన్ను చూస్తోంది.

ముసలాయన చెయ్యి ఎత్తాడు. "మళ్ల చెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పాను. అవే మాటలు. ఈసారి నవ్వు సగమే వచ్చింది.

ఆయన డాక్టరు వైపు వంగాడు. "సారూ, నాకు మొకాలు సరింగ అవుపడవు. ఈ పిలగాడు నవ్వుకుంటనా చెప్తున్నది?"

"లేదండీ" అన్నాడు డాక్టరు. "నవ్వడం లేదు."

ముసలాయన తల ఊపాడు. ఏదో లోపల సర్దుకుంటున్నట్టు చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "అయితే మంచిగనే ఉండె" అన్నాడు తనలో తాను. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఆ రోజు కొంచెం తేలికగా ఇంటికి పోయేవాణ్ని.

డాక్టరు మేకల దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడితిలో చొక్కా చెయ్యి తడిసింది, పట్టించుకోలేదు. బానెట్టు మడత లోపల వేలు పెట్టి తుడిచి వాసన చూసి, అక్కడి నుంచే అడిగాడు: "ఇది ఇప్పనూనె అన్నాడితను. ఎలా రాసేవాళ్లండీ?"

"ఎట్ల రాసుడేంది సారూ, ఈత మట్ట నలగ్గొట్టి కుంచె జేసి..."

"ఒక్క నిమిషం. రాసుకుంటాను."

డాక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి నేల మీదే కూర్చున్నాడు. ముసలాయన ఆగాడు. పెన్ను తెరిచిన చప్పుడు విన్నాక మొదలుపెట్టాడు. నూనె గోరువెచ్చగా చేయాలి. చలికి అది నెయ్యిలా గడ్డకడుతుంది, అలా గడ్డకట్టేది గనకే రేకును వదలకుండా పట్టుకుంటుంది. మృగశిర కార్తె, వాళ్ల మాటలో మిరుగం, దానికి ముందర ఒకసారి, వానలు తేలిపోయాక ఒకసారి. ఒక్కో మాట చెప్పి ఆగుతున్నాడు. డాక్టరు "ఊఁ" అన్నాక ముందుకు పోతున్నాడు. జనం నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. చూసేసరికి అందరూ ఆ పుస్తకం వైపు చూస్తున్నారు. వాళ్లకు ఇరవై ఏళ్లుగా వేళాకోళమైన మాటల్ని, కారులో వచ్చిన ఒక పెద్దమనిషి మట్టిలో కూర్చుని ఒక్కటీ పోకుండా రాసుకుంటున్నాడు.

"అట్ల గాదు మామా" అంది కోడలు ఉన్నట్టుండి. "ముంగట పొడి బూడిదతోని రుద్దాలె. తడి ఉంటే నూనె పట్టది. రుద్దేది నేనే గద, నువ్వు మర్చినవ్." ముసలాయన "అవ్, అవ్. బూడిద. రాసుకో సారూ, మా కోడలే రుద్దేది" అన్నాడు. ఆమె ఇంట్లోకి పోయి మూతికి గుడ్డ కట్టిన చిన్న కుండ తెచ్చి డాక్టరు ముందు పెట్టింది. ఆ ఏటి వానల కోసం గానుగ ఆడించిన నూనె.

మేకల ఆయన ఈలోగా కుడితి ఒలకబోసి బానెట్టును ఈడ్చుకొచ్చాడు. మేకలు అరుస్తూ వెంట వచ్చాయి. "తీస్కపోండి సారూ" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. ముసలాయన వద్దన్నాడు. "ఇచ్చింది ఇచ్చిన. మేకలు తాగనియ్." ఆ తర్వాత డాక్టరుని అడిగాడు: "నీ తాన ఇంక పాత బండ్లున్నయా సారూ?"

"రెండున్నాయండీ. ఒకదానికి అడుగు తుప్పు మొదలైంది."

"అయితే కుండ తీస్కపో."

బయల్దేరేటప్పుడు నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. మా నాయినకు కూడా నేనెప్పుడూ పెట్టలేదు. ఆయన నా తల తడిమి, "ఫోనొస్తే ఎత్తు బిడ్డా" అన్నాడు.

తిరుగు దారి పట్టాం. కుండ నా ఒళ్లో ఉంది. ఇల్లందులో దిగేటప్పుడు దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని ముందు సీటు మీద పెట్టి బెల్టు కట్టాడు. నన్ను మళ్లీ పిలవడు అనుకున్నాను. ఆరు నెలలు నిజంగానే పిలవలేదు.

మరుసటి ఏడు ఎండలు ముదిరి మొదటి మబ్బులు పట్టిన రోజు, షెడ్డులో లారీ కింద ఉండగా కోడలి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నూనె చేతులతోనే ఎత్తాను. ఆమె కాదు, ముసలాయన.

"మిరుగం వచ్చింది గద బిడ్డా" అన్నాడు, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా. "ఆ సారు బండికి నూనె రాసిండా?"

రాసిండు తాతా, ధగధగ మెరుస్తున్నది అనబోయాను. అలాంటివి నాకు ఆలోచించకుండా వస్తాయి.

"తెల్వది తాతా" అన్నాను. "కనుక్కొని చెప్త."

"కనుక్కో. నేను పట్టుకునే ఉంట."

పెట్టేసి మళ్లీ చెయ్యమని చెప్పేలోపే ఆయన జవాబు కోసం కాచుకుని ఉన్నాడు, అటు వైపు ఊపిరి వినిపిస్తోంది. లారీ కింద నుంచి బయటికి వచ్చి, ఆ ఫోన్‌ను అలాగే చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరుకి చేయడానికి ఇంకొక ఫోన్ ఎవరి దగ్గరైనా ఉందా అని షెడ్డంతా అరుస్తూ తిరిగాను.